సుక్కి నామినేషన్

జనగామ బస్టాండు ఎదురుగా కనకయ్య హోటల్లో, చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయిన చోట పోయిన వారం తుల్సీరాంను వదిలిపెట్టాం. హైదరాబాద్ నుంచి మానుకోటకు పోతూ, హాస్టల్ రోజుల దోస్తు కనకయ్యను పలకరిద్దామని అక్కడ దిగాడు. కూర్చున్నాడో లేదో, మధు ఫోన్ పట్టుకుని వచ్చి చెవి దగ్గర వంగాడు. "అన్నా, వదినమ్మ తండా సర్పంచికి నామినేషన్ వేసిందట. మన సుభాష్ మీద." రెండుసార్లు గెలిచిన ఎమ్మెల్యే తుల్సీరాం. ఆయన ఎంచి నిలబెట్టిన మనిషి సుభాష్. అతని మీద పోటీకి దిగింది ఎవరో కాదు, తుల్సీరాం భార్య సుక్కి. చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ రాత్రి మానుకోట క్యాంపు ఆఫీసులో ఆయనకు కంటి మీద కునుకు లేదు. నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి తెల్లారి మధ్యాహ్నం మూడింటి దాకే గడువు. పార్టీ గుర్తులు లేని ఎన్నికే కావచ్చు గానీ, ఎమ్మెల్యే సొంత తండాలో సొంత పెళ్ళామే ఎదురు తిరిగిందంటే హైదరాబాద్‌లో నవ్వుతారు. పార్టీ జిల్లా ఇన్‌చార్జి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, "ఇంట్ల మనిషినే సముదాయించుకోలేకపోతే ఎట్లనయ్యా?" అని చాలా మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనమే తుల్సీరాంను భయపెట్టింది.

పొద్దెక్కుతుండగా కారు బయ్యారం దాటి ఎర్రమట్టి దారి పట్టింది. వాగు మీద కొత్త బ్రిడ్జి వచ్చింది. దాన్ని తెచ్చింది తనే. ఒకప్పుడు వానాకాలంలో ఈ వాగు దాటలేకనే నాయిన్ని దవాఖానకు తీసుకుపోలేకపోయారు. అందుకే బ్రిడ్జి దాటేటప్పుడు ఆయన ఎప్పుడూ కారు అద్దం దించుతాడు. ఈసారి మరచిపోయాడు.

తండా మొదట్లోనే దిగాడు. గన్‌మన్‌ను, మధును కారు దగ్గరే ఉండమన్నాడు. మధు పక్క తండా పిల్లవాడే. డిగ్రీ కాగానే వచ్చి చేరాడు, మొదటి ఎన్నిక నుంచి వెంటే ఉన్నాడు. తుల్సీరాం ఫోన్ ఎత్తేది అతనే, ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని వద్దనాలో చూసేదీ అతనే.

"నేనూ వస్తనన్నా. వదినమ్మ నా మాట ఇంటది," అన్నాడు మధు.

"వద్దు. ఇది ఇంటి ముచ్చట."

ఇంటికి తాళం ఉంది. తండాలో మొదట లేచిన రెండంతస్తుల ఇల్లు అదే. కట్టినప్పుడు అందరూ మురిసిపోయారు. ఇప్పుడు పై అంతస్తు కిటికీలకు దుమ్ము పట్టి ఉంది. కింద ఒక్క గదిలోనే సుక్కి ఉంటుందని ఆయనకు తెలుసు. కూతురు లత ఖమ్మంలో నర్సు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ ఇంట్లో మరో మనిషి లేదు.

పక్కింటి అరుగు మీద మేనత్త కాళి కందులు చెరుగుతోంది. చిన్నప్పుడు ఆయన్ని చంకన వేసుకుని తిప్పిన మనిషి. తుల్సీరాం దగ్గరికి పోయి ఇంటి భాషలో పలకరించాడు. ఆమె చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"బాగున్నరా సారూ?" అంది, తెలుగులో.

ఆయనకు చెంప మీద కొట్టినట్టైంది. అధికారులు వచ్చినప్పుడు, పోలీసులు వచ్చినప్పుడు తండావాళ్ళు తెలుగులోకి మారతారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మారరు. "అత్తా, నేను తుల్సీని," అన్నాడు మళ్ళీ వాళ్ళ భాషలోనే.

"ఎరికే సారూ. సుక్కి పత్తి చేన్ల ఉన్నది. గట్ల పోర్రి." ఆమె చెయ్యెత్తి దారి చూపించింది, ఆ దారి ఆయనకు తెలియనట్టు.

చెప్పుల నిండా ఎర్రదుమ్ముతో తుల్సీరాం చేను గట్టున నడిచాడు. ఎదురుగా ఎర్రగుట్ట. దాని కడుపు నిండా ఇనుప రాయి ఉందని ఆయన పుట్టక ముందు నుంచీ చెప్పుకుంటున్నారు. గుట్ట కింద పుట్టి, జనగామ హాస్టల్లో చదువుకున్నాడు. అక్కడ తోటి పిల్లలు ఆయన తెలుగును చూసి నవ్వితే, పట్టుబట్టి వాళ్ళకంటే బాగా నేర్చుకున్నాడు. తర్వాత డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్ ఉద్యోగం. ఎండకు కాలిన పట్టాల వెంట సుత్తి పట్టుకుని తిరుగుతూ యూనియన్‌లో మాట్లాడటం మొదలుపెట్టాడు. తెలంగాణ ఉద్యమంలో రైల్ రోకో జరిగిన రోజు, తను సరిచేసిన పట్టాల మీదే తను కూర్చున్నాడు. సస్పెండ్ చేశారు. ఆ కోపం ఆయన్ని మండలానికి, మండలం నుంచి అసెంబ్లీకి మోసుకుపోయింది.

మొదటిసారి గెలిచి ప్రమాణం చేసిన రోజున ఇంటి భాషలో ఒక్క వాక్యం మాట్లాడాడు. బల్లలు చరిచారు. పోడు భూములకు పట్టాలివ్వాలన్నాడు. తండా బడిలో చిన్న పిల్లలకు ముందు వాళ్ళ భాషలోనే అక్షరాలు నేర్పాలన్నాడు. అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం గుట్ట మాట. "గుట్ట కింద బతికేటోళ్ళు ఊఁ అంటేనే గుట్ట మీద గునపం పడాలె" అని ఆయన అన్న మాట ఊరూరా గోడల మీద రాశారు.

సుక్కి పత్తి సాళ్ళ మధ్య వంగి ఉంది. నడుముకు కట్టిన గుడ్డ ఒడి నిండుగా ఉబ్బి ఉంది. ఆయన్ని చూసింది. చేతులు ఆగలేదు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది తండా భాషలోనే. దానికి దగ్గరగా ఉండే మాటలో ఇక్కడ చెప్పుకుందాం.

"కారు చప్పుడు ఇనవడ్డది. గింత దూరం నడిచొస్తవనుకోలే," అంది.

"ఫోనెందుకు ఎత్తలే?"

"పత్తి ఏరుకుంట ఫోనెట్ల ఎత్తాలె?"

"నామినేషన్ ఏసే ముందు నాకు ఒక్క మాట చెప్పొద్దా సుక్కీ?"

ఆమె ఓ కాయ నుంచి పత్తి లాగి, అంటుకున్న ఎండుటాకును ఊదింది. "నువ్వు పార్టీ మారేటప్పుడు నాకు చెప్పినవా? నేను టీవీల చూసిన. మెడల కొత్త కండువా. పక్కపొంటి ఎవరెవరో నవ్వుతున్నరు. నువ్వు నవ్వలే. అది చూసి, మనిషికి పానం బాగలేదేమో అనుకున్న."

ఆ రోజు తుల్సీరాం నవ్వలేదని ఇంకెవరూ గమనించలేదు.

"మారినందుకే గద వాగు మీద బ్రిడ్జి వచ్చింది," అన్నాడు. "మానుకోట దవాఖానకు డయాలసిస్ మిషన్లు వచ్చినయ్. ఎదురుపక్క కూసున్నన్ని రోజులు ఒక్క పని గాలే. కాయితాలు పట్టుకొని తిరుగుడే అయింది."

"నేను లేదన్ననా? కాళత్త కొడుకు గా మిషన్ మీదనే బతుకుతుండు. నీ పేరు చెప్పి దీపం పెట్టింది ఆమె."

"మరి నన్నెందుకు సారూ అంటున్నది?"

సుక్కి మొదటిసారి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. చూసి మళ్ళీ వంగింది. "గుట్ట సంగతి మాట్లాడు," అంది.

ఆ ముచ్చట వస్తుందని ఆయనకు తెలుసు. దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు బయటికి తీశాడు. గుట్ట ఇనుముతో ఫ్యాక్టరీ వస్తే తండా పోరగాళ్ళు హైదరాబాద్ పోయి కంకర కలిపే పని తప్పుతుంది. బయ్యారంలో ఐటీఐ పెడతారు. ముప్పై ఏండ్లుగా ఇనుము ఇనుము అని ఓట్లు అడుగుడే గానీ, ఒక్క కొలిమి పెట్టినవాడు లేడు. తను బతికుండగా అది కావాలె. మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండానే కుడిచెయ్యి గాలిలోకి లేచింది.

"నాకు మీటింగు చెప్పకు," అంది సుక్కి. "ఫ్యాక్టరీ వద్దని నేనెన్నడన్న? పోరగాళ్ళ బాధ నాకు తెల్వదా? మా చాందక్క సంగతి యాది చేస్కో. భూపాలపల్లిల బొగ్గు కోసమని తండాను లేపిన్రు. ఇల్లిస్తమన్నరు, ఇచ్చిన్రు. కొలువు కొడుక్కన్నరు, ఇచ్చిన్రు. మరి ఆమెకేం తక్కువైంది? పొద్దుగూకేదాక ఇంటి ముంగట కుర్చేసుకొని కూసుంటది. గా కాలనీల పక్కింటోళ్ళెవరో తెల్వదు. గనిల బాంబులు పేల్చినప్పుడల్ల గోడ పట్టుకుంటది. ఆడ దీక్ష టెంటు ఏసినప్పుడు నువ్వే పోయి కూసున్నవ్. 'వీళ్ళను అడిగిన్రా?' అని మైకుల అడిగినవ్. నేను నీ పక్కకే ఉన్న."

"ఇప్పుడు గూడ గదే అంటున్న. అడగకుంట ఏం గాదు. గ్రామసభ పెట్టినంకనే గుట్ట ముట్టుకుంటరు. మంత్రి నాకు మాటిచ్చిండు."

సుక్కి చేతులు ఆగిపోయాయి.

"ఏ గ్రామసభ?" అంది. "గుట్ట మీద తొవ్వుడైపోయింది గద."

చేను మీదుగా గాలి ఒక్కసారి వీచింది. తుల్సీరాం గుట్ట వైపు తిరిగి చూశాడు.

"కార్తీకంల బోరు బండి వచ్చింది," అంది ఆమె. "ఎమ్మెల్యే సార్ పంపిండు అన్నరు. నువ్వు పంపితే నీళ్ళ కోసమే అనుకున్నం. మన తండల ఎండాకాలం నీళ్ళకు ఎంత గోసనో నీకు ఎరికే. కాళత్త పసుపు తెచ్చింది. నేను కొబ్బరికాయ కొట్టిన. బండికి బొట్టు పెట్టినం. అది మన తాన ఆగలే. సక్కగ గుట్ట మీదికి పోయింది. నాలుగు దిక్కుల పొడిచిన్రు. నీళ్ళు రాలే. ఇనుప రాయి కడ్డీల లెక్క వచ్చినయ్, గుండ్రంగ, ఎర్రగ. పరీక్షకని పెట్టెలల్ల పేర్చుకొని తీస్కపోయిన్రు. మేం బిందెలు పట్టుకొని కింద నిలబడ్డం."

"నేను పంపలే."

"నీ పేరు చెప్పిన్రు."

"సుక్కీ, నేను పంపలే. నాకు తెల్వదు."

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. ఇరవై ఐదేళ్ళుగా ఆ ముఖం ఆమెకు తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు ఎట్లా ఉంటుందో, దెబ్బ తగిలినప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసు. చూస్తుండగానే ఆమె కోపం జారిపోయింది. దాని వెనక వచ్చింది జాలి. తుల్సీరాంను అదే ఎక్కువ బాధ పెట్టింది.

"నీకు నిజంగనే తెల్వదు," అంది మెల్లగా. "తెల్సి చేసినవనుకొని ఇన్ని రోజులు నీ మీద మండిపడ్డ. తెల్సి చేస్తే నీతోని కొట్లాడొచ్చు. తెల్వనోనితోని ఏం కొట్లాడాలె?"

"ఎవరు చెప్పిన్రు నేను పంపిన్నని?"

"ఇంకెవరు? మధు. బండి ముంగట మోటర్ సైకిల్ మీద వచ్చిండు. నేను కొట్టిన కొబ్బరికాయల ముక్క తిన్నడు గూడ."

తుల్సీరాం గట్టు మీద కూర్చున్నాడు. తెల్ల ప్యాంటు మట్టి అవుతుందన్న ధ్యాస లేదు. దూరంగా తండా మొదట్లో కారు పక్కన మధు కనిపిస్తున్నాడు, ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ. ఆ ఫోన్లలో ఎన్ని తన దాకా వచ్చాయి? ఎన్ని రాలేదు? ఇన్నేళ్ళూ తన గొంతుతో ఎవరు మాట్లాడుతున్నారు?

సుక్కి ఒడిలోని పత్తిని గట్టున పరిచిన గోనె మీద కుమ్మరించి, కొంచెం దూరంగా కూర్చుంది.

"గా కడ్డీలు పోయిన తెల్లారి నుంచి నాతోని ఎవ్వరు మాట్లాడలే," అంది. "నల్లా కాడికి పోతె బిందెలు పక్కకు జరుపుకుంటరు. పత్తి ఏరుడుకు కూలోళ్ళు రాలే, చూస్తున్నవ్ గద, ఒక్కదాన్నే ఏరుతున్న. ఎవ్వరు తిట్టలే. తిడితే నయముండు. నీ మొగడు పంపిండట గద అని ఒక్క కాళత్తనే అడిగింది. ఏం చెప్పాలె? నాకే తెల్వకపాయె. నీకు ఫోన్ చేసిన. మధు ఎత్తిండు. సార్ మీటింగుల ఉన్నడన్నడు. మల్ల చేసిన. మల్ల మీటింగే."

"నాకు చెప్పలే వాడు."

"చెప్పడు. అందుకే నామినేషన్ ఏసిన. సర్పంచినైతె గ్రామసభ నేనే పెట్టొచ్చు. ఫ్యాక్టరీ కావాలంటరా, వద్దంటరా, వాళ్ళిష్టం. కావాలంటే నేనే అంగీకారమని రాసిస్త. మొదలైతే వాళ్ళను కూసుండబెట్టి అడగాలె. నువ్వు చెప్పిన మాటనే. నేను కొత్తది ఏం చెప్పలే."

పిట్టలు వాలుతున్నాయి, లేస్తున్నాయి. తుల్సీరాం వచ్చిన పని ఇంకా అలాగే ఉంది. అడగక తప్పలేదు.

"విత్‌డ్రా చేస్కో సుక్కీ. నేను చూస్త. గుట్ట సంగతి నేను తేలుస్త."

"ఎవలతోని తేలుస్తవ్?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తుల్సీరాం మనసులోనే పేర్లు వెతుక్కున్నాడు. మంత్రితోనా? మాట తప్పింది ఆయనే. ఇన్‌చార్జితోనా? పాత పార్టీవాళ్ళు ఎదురుపడితే పక్కకు తిరిగిపోతారు. కొత్త పార్టీలో ఆయనకు కుర్చీ వేస్తారు, ముచ్చట చెప్పరు. క్యాంపు ఆఫీసులో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆయన చుట్టూ మనుషులే. అందరికీ ఆయన సంతకం కావాలి. ఒక్క పేరూ దొరకలేదు.

"నువ్వు పో," అంది సుక్కి లేస్తూ. "నేను గూడ ఆఫీసుకు వస్త. మూడు దాటినంక గుర్తులిస్తరట. ఆటోల వస్త."

"కార్ల రా."

"వద్దు. నీ కార్ల దిగితే విత్‌డ్రా అయిందనుకుంటరు."

కారు కదిలింది. ముందు సీట్లో మధు మెడ, పొద్దున చేయించుకున్న కటింగు, కొత్త చొక్కా కాలరు కనిపిస్తున్నాయి. జ్వరం వస్తే రాత్రంతా తన మంచం పక్కన కూర్చున్న పిల్లవాడు. ఓడిపోతామనుకున్న ఎన్నికలో తనకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగిన పిల్లవాడు.

"మధూ, గుట్ట మీదికి బోరు బండి తెచ్చినవా?"

మధు వెనక్కి తిరగలేదు. "వదినమ్మ చెప్పిందా?"

"తెచ్చినవా లేదా?"

"తెచ్చిన అన్నా. మీకు చెప్తే వద్దంటరు. వద్దంటే మీకే నష్టం. పై నుంచి చెప్పిన్రు, సార్‌ను ఇబ్బంది పెట్టకు, పని కానియ్యి అని." గొంతులో తప్పు చేసిన జంకు లేదు, పిల్లవాడికి మందు తాగించిన తల్లి మాటలా ఉంది. "ముందు వదినమ్మ సంగతి తేలనియ్యున్రి. తర్వాత తీరిగ్గ మాట్లాడుకుందాం."

నామినేషన్లు తీసుకునే పంచాయతీ ఆఫీసు రోడ్డు మీది ఊళ్ళో ఉంది. అప్పటికే టీవీ వాళ్ళు నలుగురైదుగురు మైకులు పట్టుకుని నిలబడ్డారు. సుభాష్ ఇస్త్రీ బట్టల్లో వచ్చి, నమస్తే పెట్టి పక్కకు తప్పుకున్నాడు. మధు ఫోన్ చూసుకుంటూ దిగిపోయాడు, తుల్సీరాం కార్లోనే కూర్చున్నాడు.

కాసేపటికి ఆటో వచ్చింది. సుక్కి ఒక్కతే దిగుతుందనుకున్నాడు. ఆమె వెనక కాళి దిగింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. పొద్దుటి దాకా నల్లా దగ్గర బిందెలు జరుపుకున్నవాళ్ళే. చేనులో భార్యాభర్తల మాటలు ఎవరి చెవినో పడ్డాయో, సుక్కే చెప్పిందో, కాళి ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. తుల్సీరాం కారు వైపు ఎవరూ చూడలేదు. తన భార్య ఒంటరితనం ఇవాళ తీరిందని ఆయనకు సంతోషం కలిగింది. తనది మాత్రం అట్లాగే ఉంది.

మూడయింది. అధికారి తలుపు దగ్గరికి వచ్చి గడువు అయిపోయిందని చెప్పాడు. సుక్కి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

లోపల గుర్తులు పంచుతుండగా ఫోన్ మోగింది. ఇన్‌చార్జి. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. "మీడియా ఆడనే ఉన్నదట గద. ఇప్పుడే చెప్పు. ఆమె పోటీతోని నాకు సంబంధం లేదు, గుట్ట మీద ఫ్యాక్టరీకి నా పూర్తి మద్దతు, తండా కూడా నాతోనే ఉన్నదని చెప్పు. ఇయ్యాల చెప్పకపోతే రేపు నువ్వు చెప్పేటిదేం ఉండదు. అర్థమైందా?"

"ఆలోచించుకోనియ్యున్రి."

"ఆలోచన మేం చేసినం," అని ఇన్‌చార్జి ఫోన్ పెట్టేశాడు.

తుల్సీరాం కారు దిగాడు. ఆఫీసు మెట్ల ముందు గుంపు గుమిగూడి ఉంది. మెట్ల పైన సుక్కి తన గుర్తు కాగితం పట్టుకుని ఆగిపోయింది. ఆమె చూపు కిందికి, మైకుల మధ్య నిలబడిన మనిషి మీద ఉంది. అక్కడి నుంచి తేటైన తెలుగులో ఒక గొంతు వినిపిస్తోంది. ఆ మాటల తీరు, ఆ విరుపు, గాలిలోకి లేచే ఆ కుడిచెయ్యి అన్నీ తుల్సీరాంవే. మాట్లాడుతున్నది మధు.

"...ఎమ్మెల్యే గారి మాటగా చెప్తున్న. వారి భార్య పోటీతోని వారికి ఏ సంబంధం లేదు. ఫ్యాక్టరీకి వారి పూర్తి మద్దతు ఉన్నది. తండా ప్రజలు కూడా వారితోనే..."

కాళి మెట్ల మీద నుంచి తుల్సీరాంను చూసింది.

ఆయన గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చాడు. గుర్తుపట్టినవాళ్ళు పక్కకు జరిగారు. కెమెరాలు గబగబా ఆయన వైపు తిరిగాయి. ఎవరో "సార్ వచ్చిండు, సార్ వచ్చిండు" అన్నారు. తుల్సీరాం మధు భుజం మీద చెయ్యి వేశాడు.

"మధూ, జర జరుగు. నేను మాట్లాడ్త."

మధు తల తిప్పి ఆయన్ని చూశాడు. ఆ చూపులో ఎప్పటి అభిమానమే ఉంది. కానీ చేతిలోని మైకు వదల్లేదు. నిలబడ్డ చోటు నుంచి అంగుళం కూడా జరగలేదు.